బతుకమ్మలో గునుగు పూలకు రంగు వేయాలా, వద్దా?

పాలమూరు ఆడబిడ్డ:
సద్దుల బతుకమ్మ గురించి మా కాలనీ గ్రూపులో ఒకటే లొల్లి. గునుగును గులాబీ, ఆకుపచ్చ రంగు నీళ్లలో ముంచకుండా తెల్లగానే పేర్చుదామని కొందరు, అట్లయితే బతుకమ్మ బోసిపోతుందని కొందరు. మీరేమంటారు?

నల్లగొండ వాసి:
ముంచొద్దు. ఆ పొడి ప్యాకెట్ల మీద లోపల ఏముందో కూడా రాయరు. పసుపుతో గౌరమ్మను చేసి, పక్కన ఆ రంగులేంది? చివరికి పడేది చెరువులోనే. బీట్‌రూట్, పసుపు, మోదుగ పూలు వాడితే సరిపోదా?

అద్దకం పని:
చెప్పినంత సులువు కాదన్నా. బీట్‌రూట్ రంగు ఎండకు వెలిసిపోతుంది. గునుగు ముట్టుకుంటే కాగితంలా పొడిగా ఉంటుంది, చెట్ల రంగు అంత తొందరగా పట్టదు. బట్టకైతే ముందు పటిక పట్టించి ఆ తర్వాత అద్దుతాం. పూలకు అంత తీరిక ఎవరికుంది? మోదుగ పూసేది హోలీ ముందు, బతుకమ్మ వచ్చేది వానలు తగ్గాక. అప్పుడే ఏరి ఎండబెట్టుకున్నోళ్లకే అది పనికొస్తుంది. చేతనైంది పసుపొక్కటే. దానికి కాస్త సున్నం కలిపితే ఎర్రబడుతుంది, పారాణి చేసేది అట్లనే కదా.

మునుగోడు రైతు:
రంగు సంగతి సరే, అసలు గునుగేది? పత్తి చేలో అది కలుపు. కూలీలు దొరక్క గడ్డిమందు కొడుతున్నాం, గట్ల మీద మిగిలిందే తెంపుతున్నాం. తంగేడు పూసే గుట్టబోళ్లు వెంచర్లయినాయి. టౌన్లో అమ్మే అవ్వలను మాత్రం ఏమీ అనకండి. తెల్ల కట్ట పెడితే ఎవరూ ముట్టరు, రంగు కట్టనే అడుగుతారు.

పాలమూరు ఆడబిడ్డ:
నాకైతే ముంచాల్సిన పనే లేదనిపిస్తుంది. తంగేడు పసుపు, కట్లపూలు నీలం, సీతజడ ఎరుపు, బంతి నారింజ. ఆకుపచ్చకు కింద పరిచే గుమ్మడాకు ఉండనే ఉంది. మధ్యలో తెల్ల గునుగు ఉంటేనే మిగతా రంగులు ఎత్తి కనిపిస్తాయి.

నల్లగొండ వాసి:
అదీ మాట! పైగా ఆ పొడి రంగు చెరువులో కలవదు కూడా.

అద్దకం పని:
రంగు లేకున్నా, పూలు ఎక్కువైతే అవీ ఇబ్బందే అన్నా. చిన్న కుంటలో కుప్పలుగా వేస్తే పూలు కుళ్లి నీళ్లలో ఆక్సిజన్ తగ్గుతుంది. రంగు పూలైనా, మామూలు పూలైనా మర్నాడు ఒడ్డుకు తీసి ఎరువు గుంతలో వేయాల్సిందే.

మునుగోడు రైతు:
అక్కా, సీతజడ మా పెరట్లో ఉంది, విత్తనం ఇస్తా. వానాకాలం మొదట్లో చల్లుకోండి. మా బిడ్డ మాత్రం గులాబీ గునుగే కావాలంటది, దానికి మీరే చెప్పాలి.