చెన్నపట్నం బ్లాక్ టౌన్: కోట రక్షణా, రంగు వివక్షా?

షావుకారుపేట:
ప్యారిస్ కార్నర్‌లో డేర్ హౌస్ దగ్గర 1773 నాటి సరిహద్దు రాయి ఒకటి ఉంది. ఇంగ్లీషువాళ్ళ సెయింట్ జార్జ్ కోటకూ, దానికి ఉత్తరాన మనవాళ్ళు ఉండే బ్లాక్ టౌన్‌కూ మధ్య ఇళ్ళు కట్టకూడదని పాతిన ఆరింటిలో మిగిలింది అదొక్కటే. ఆ హద్దు ఫిరంగుల కోసమా, మనవాళ్ళను దూరం పెట్టడానికా?

పెరంబూరు:
నా మటుకు అది యుద్ధం పనే. 1746లో ఫ్రెంచివాళ్ళు కోట పట్టుకున్నారు. 1758లో ఫ్రెంచి సేనాని లాలీ ముందు బ్లాక్ టౌన్‌లోకి దిగి, అక్కడినుంచే కోటను ముట్టడించాడు. అంత జరిగాక కోట ముందు మైదానం ఖాళీ చేయించకుండా ఎవరుంటారు? ప్రతిదానికీ జాతి వివక్ష అంటగట్టొద్దండీ.

ముత్యాలపేట:
పెరంబూరు గారూ, మైదానం వరకు మీ మాట కాదనను. కానీ గోడ లోపల వైట్ టౌన్‌లో తెల్లవాళ్ళు, ఉత్తరాన గోడ బయట బ్లాక్ టౌన్‌లో మనవాళ్ళు అన్న ఏర్పాటు లాలీ పుట్టకముందే ఉంది. యుద్ధం దాన్ని ఇంకా గట్టిపరిచింది, అంతే. 1749లో కోట తిరిగి చేతికొచ్చాక ఈస్టిండియా కంపెనీ ఏం చేసింది? ఫ్రెంచివాళ్ళకు సాయపడ్డారన్న అనుమానంతో ఆర్మీనియన్లనూ, పోర్చుగీసు కాథలిక్కులనూ వైట్ టౌన్ నుంచి పంపించేసింది. తప్పు చేసినవాణ్ణి పట్టుకోవడం వేరు, మొత్తం జనాన్నే వెళ్ళగొట్టడం వేరు. ఆర్మీనియన్ల 1772 నాటి చర్చి ఇవాళ కోటలో కాకుండా జార్జ్ టౌన్‌లో, అంటే ఆ కొత్త బ్లాక్ టౌన్‌లో ఉంది, చూడండి.

నష్టపోయిందెవరో కూడా చూడాలి. 1680 నాటి సెయింట్ మేరీస్ చర్చి కోటలో ఇప్పటికీ నిలిచే ఉంది. మన చెన్నకేశవస్వామి గుడిని మాత్రం మైదానం కోసం పాత బ్లాక్ టౌన్‌తో పాటే పడగొట్టారు. ఇప్పుడు హైకోర్టు ఉన్నది ఆ పాత బ్లాక్ టౌన్ నేల మీదే. గుడిని తర్వాత పూల బజారు దగ్గర మళ్ళీ కట్టుకున్నారు. కొత్త బ్లాక్ టౌన్ చుట్టూ గోడ కట్టి, దాని ఖర్చు అక్కడి జనం మీదే పన్నుగా వేయాలని చూశారు. వాల్ టాక్స్ రోడ్డు పేరు అక్కడిదే.

పెరంబూరు:
మరి మనవాళ్ళు తక్కువ తిన్నారా? 1707లో కుడిచేతి, ఎడమచేతి అని రెండు వర్గాలుగా చీలిన కులాలు కొట్టుకుంటేనే కదా, పెద్దనాయకన్‌పేట ఒకరికి, ముత్యాలపేట ఇంకొకరికి అని పంచింది!

ముత్యాలపేట:
ఆ గొడవ మనదే, నిజం. కానీ దాన్ని వీధుల హద్దుగా మార్చి ఆజ్ఞ వేసింది గవర్నర్ పిట్ ప్రభుత్వం. కులం పేరుతో మనం విడగొట్టుకున్నదాన్ని కంపెనీ పాలనకు వాడుకుంది. అది కంపెనీ వివక్షను ఎలా మాపుతుంది? పైగా పాత పటాల్లో పరచేరి (అంటరానివాళ్ళుగా చూసిన పరయర్ల వాడ) అని విడిగా గీసిన భాగం ఉంది. అక్కడివాళ్ళను తెల్లవాళ్ళూ దూరం పెట్టారు, మన సెట్టి వర్తకులూ దూరం పెట్టారు. చర్చ అక్కడినుంచి మొదలుపెడదామంటే నేను సిద్ధం.