సముదాయ మానసిక ఆరోగ్య సేవల్లో వచ్చిన మార్పును దేనితో కొలవాలి?

ప్రశ్న (ప్రజారోగ్య విద్యార్థిని, బెంగళూరు):

అందరికీ నమస్కారం. 1980లలో నిమ్‌హాన్స్ (బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ) బళ్లారి జిల్లాలో చేసిన ప్రయోగమే 1996లో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా అయిన సంగతి మీకు తెలుసు. నగరానికి ఆనుకొని ఉన్న ఒక తాలూకాలో మానసిక వైద్యం పెద్దాసుపత్రి నుంచి స్థానిక ఆరోగ్య కేంద్రాలకు మారిన తీరును మదింపు చేయడం నా ప్రాజెక్టు. ఓపీ సంఖ్య, శిబిరాల సంఖ్య, శిక్షణ పొందిన ఆశా కార్యకర్తల సంఖ్య నెలవారీ నివేదికల్లో దొరుకుతున్నాయి, ఏటా పెరుగుతున్నాయి కూడా. వీటిని బట్టి సేవ మెరుగైందని రాయవచ్చునా? పోలికకు 2020–21ని ప్రారంభ సంవత్సరంగా తీసుకోమని మా మార్గదర్శకులు సూచించారు.

సమాధానం 1 (సైకియాట్రిక్ సోషల్ వర్కర్):

2020–21 వద్దమ్మా. లాక్‌డౌన్‌లో జనం ఆసుపత్రి గడప తొక్కలేకపోయిన ఏడాదితో పోలిస్తే ఏ ఏడాదైనా ఘనంగానే కనిపిస్తుంది. 2018–19కి వెళ్లండి. ఓపీ సంఖ్యతో ఇంకో చిక్కు ఉంది: ఒకే వ్యక్తి ఏడాదిలో పన్నెండు సార్లు వచ్చినా, పన్నెండు మంది ఒక్కొక్కసారి వచ్చి మళ్లీ కనిపించకపోయినా నివేదికలో అంకె ఒకటే. దీర్ఘకాలం మందు వాడాల్సిన స్కిజోఫ్రెనియా, బైపోలార్ వంటి మానసిక జబ్బుల్లో ఈ రెండింటికీ హస్తిమశకాంతరం. అందువల్ల ఫాలో అప్ రిజిస్టరు తెరిచి, ఒక ఏడాదిలో కొత్తగా నమోదైనవారిలో ఆరు నెలలకు ఎందరు, ఏడాదికి ఎందరు మందు కొనసాగిస్తున్నారో పేరుపేరునా చూడండి. రానివారిలో కొందరు కోలుకొని మానేసి ఉంటారు, కొందరు కూలి పనులకు ఊరు వదిలి ఉంటారు, కొందరు చనిపోయి ఉంటారు, కొందరు ఇప్పటికీ పెద్దాసుపత్రికే పోతుంటారు. ఆ కారణాలు రాబట్టడమే ఈ మదింపులో అసలు పని అని నా అభిప్రాయం.

జబ్బు ముదిరినప్పుడే చాలామంది వైద్యానికి వస్తారు కనుక, కొన్ని నెలలకు కొంత తగ్గుదల ఎలాగూ కనిపిస్తుంది. కొత్త పద్ధతి ఇంకా చేరని తాలూకాతో పోల్చకుండా ఆ తగ్గుదలను దాని ఖాతాలో వేయలేం. స్కిజోఫ్రెనియా ఉన్నవారిపై చేసి 2014లో వెలువరించిన కోప్సీ అధ్యయనం గోవా, సతారా, తమిళనాడుల్లో అలాంటి పోలికతోనే జరిగింది. ఆసుపత్రి వైద్యానికి ఇంటికి వచ్చే కార్యకర్తల సాయం తోడైనప్పుడు ఫలితం మెరుగైన మాట నిజమే గానీ, ఆ మెరుగుదల ఓ మోస్తరే. గ్రామీణ తమిళనాడులో అది ఎక్కువ స్పష్టంగా కనిపించింది. లక్షణాలతో సరిపెట్టకుండా ఐడియాస్ స్కేలు కూడా వాడండి. సొంత పనులు చేసుకోవడం, నలుగురితో మెలగడం, మాట్లాడి అర్థం చేసుకోవడం, ఉద్యోగం లేదా ఇంటిపని చేయగలగడం అందులో కొలుస్తారు.

సమాధానం 2 (హిందూపురం నుంచి వచ్చి బెంగళూరులో స్థిరపడినవారు):

మా తమ్ముడికి చాలా ఏళ్లుగా మానసిక జబ్బు ఉంది. దగ్గరలోనే వైద్యం దొరకడం వల్ల తెల్లవారుజామున లేచి పెద్దాసుపత్రి క్యూలో నిలబడే శ్రమ తప్పింది, కాదనను. అయితే నిల్వ తగ్గినప్పుడు ముప్పై రోజుల మాత్రలకు బదులు పది రోజులవే చేతిలో పెడతారు. ఆ నెలలో అమ్మ అతణ్ణి వెంటబెట్టుకొని మూడుసార్లు వెళ్లాలి. మీ నివేదికలో అది మూడు ఓపీలుగా ఎక్కుతుంది! ఒకసారి తెల్ల మాత్రకు బదులు వేరే కంపెనీ పసుపు మాత్ర ఇచ్చారు. అది తన మందు కాదని వాడు నాలుక కింద దాచి, పెరట్లోకి వెళ్లి ఉమ్మేసేవాడు. రిజిస్టరు ప్రకారం మాత్రం వాడు మందు కొనసాగిస్తున్నవాడే. దయచేసి ఇంట్లో చూసుకునేవాళ్లను కూడా అడగండి, వీలైతే రోగి లేనప్పుడు విడిగా.

సమాధానం 3 (న్యాయవాది):

పై సమాధానానికి చట్టపరమైన కోణం ఒకటి జోడిస్తాను. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ ప్రకారం, ఆవశ్యక జాబితాలోని మందులు సామాజిక ఆరోగ్య కేంద్రం, ఆపై స్థాయి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఎల్లవేళలా ఉచితంగా దొరకాలి. ఈ నిబంధన సామాజిక ఆరోగ్య కేంద్రం నుంచే మొదలవుతుంది కనుక, సేవ అంతకన్నా కిందికి, అంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వంటి వాటికి, దిగినచోట మందుల సరఫరాను మీరు విడిగా పరిశీలించాలి. స్టాకు రిజిస్టరులో ఏ మందు ఎన్ని రోజులు సున్నాగా ఉందో నెలవారీగా రాసుకొని, అదే నెలల ఓపీ అంకెల పక్కన పెట్టండి. మందు లేని రోజులు, ఓపీ అంకెలు రెండూ కలిసి పెరిగిన నెలలు కనిపిస్తే ఆ పెరుగుదలను విజయంగా రాయకండి.

రానివారి వివరాల కోసం వీధిలో వాకబు మాత్రం చేయవద్దు. రోగి వివరాల గోప్యతకు అదే చట్టంలో రక్షణ ఉంది. మీ సంస్థ నైతిక కమిటీ అనుమతి వచ్చాక, కేంద్రం సిబ్బంది ద్వారా ముందుగా ఫోన్ చేయించి, వారు ఒప్పుకుంటేనే, వారు చెప్పిన చోటే కలవండి.