ఒక సీజన్‌లో 262 హిట్లు: సింగిల్సే అయితే గొప్ప కాదా?

బెల్‌వ్యూ నాన్న:
మా అమ్మాయికి పదకొండేళ్లు. ఈ ఏడాదే సాఫ్ట్‌బాల్‌లో (బేస్‌బాల్ లాంటి ఆట) చేరింది. మొన్న శనివారం బంతిని గట్టిగా కొట్టి ఫస్ట్ బేస్ చేరింది. కానీ స్కోరు పుస్తకంలో హిట్ అని రాయలేదు, ఎర్రర్ అని రాశారు. ఇంటికొచ్చేదాకా కారులో ఒక్క మాట మాట్లాడలేదు. క్రికెట్ చూసి పెరిగినవాణ్ణి, నాకూ ఏం చెప్పాలో తెలియలేదు. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో ఒక సీజన్‌లో ఎక్కువ హిట్లు కొట్టినవాళ్ల లిస్టు చూశాం. అన్నిటికన్నా పైన మన సియాటిల్ మారినర్స్ ఆటగాడు ఇచిరో సుజుకీ, 2004లో 262. అందులో 225 సింగిల్సే (ఫస్ట్ బేస్ వరకే చేర్చే హిట్లు), హోం రన్లు ఎనిమిది. ఆఫీసులో ఒకాయన 'సింగిల్సేగా' అని తేల్చేశారు. నిజమేనా?

స్కోరుకార్డు పిచ్చి:
ముందు పాప సంగతి. తన దెబ్బ వల్లే బ్యాటర్ బేస్ చేరితే అది హిట్. ఫీల్డర్ మామూలుగా ఆపాల్సిన బంతిని వదిలేస్తే అది ఎర్రర్. క్రికెట్‌లో మిస్‌ఫీల్డ్ వల్ల వచ్చిన పరుగు కూడా బ్యాటర్ ఖాతాలోనే పడుతుంది. ఇక్కడ హిట్‌గా పడదు. కొట్టడానికి వీలుగా లేని బంతులు నాలుగు వేస్తే ఊరికే వచ్చే ఫస్ట్ బేస్, అంటే వాక్, అది కూడా హిట్ కాదు.

పాత సియాటిల్ వాసి:
2004 అక్టోబర్ 1న నేను స్టేడియంలో ఉన్నాను అన్నా, టెక్సస్‌తో ఆట. మొదటి ఇన్నింగ్స్‌లో ఇచిరో ఒక సింగిల్ కొట్టి, పాత రికార్డు ఉన్న జార్జ్ సిస్లర్‌తో సమం అయ్యాడు. సిస్లర్ 257 కొట్టింది 1920లో. అంటే 84 ఏళ్లు ఎవరూ అందుకోలేదు. మూడో ఇన్నింగ్స్‌లో బంతి మధ్యలోంచి దూసుకుపోయింది, 258. జట్టంతా మైదానంలోకి పరిగెత్తింది. సిస్లర్ కూతురు ముందు వరసలో కూర్చుని ఉన్నారు. ఇచిరో ఆవిడ దగ్గరికి వెళ్లి తల వంచి చెయ్యి కలిపాడు. నాకిప్పటికీ కళ్లముందే ఉంది.

సింగిల్స్ అంటారా, అతను ఎడమచేతి బ్యాటర్, ఫస్ట్ బేస్‌కి కాస్త దగ్గరగా నిలబడేవాడు. బ్యాట్ తిప్పుతూనే పరుగు అందుకునేవాడు. మామూలుగా అవుటయ్యే నేలబంతి మీద కూడా బేస్ చేరేవాడు. దానికి ఎంత సాధన కావాలి!

అయితే హిట్లు ఎక్కువైనంత మాత్రాన అందరికన్నా గొప్ప బ్యాటర్ అనలేం. అదే 2004లో బ్యారీ బాండ్స్ హిట్లు 135 మాత్రమే. పిచర్లు (బంతి వేసేవాళ్లు) అతనికి భయపడి సరైన బంతులే వేయలేదు, 232 వాక్స్ ఇచ్చారు. ఇచిరో మొదటి స్థానంలో దిగేవాడు, వాక్స్ 49 మాత్రమే, అందుకే 704 ఎట్-బ్యాట్స్ (వాక్స్ లాంటివి తీసేశాక లెక్కకొచ్చే బ్యాటింగ్ అవకాశాలు) దొరికాయి.

స్కోరుకార్డు పిచ్చి:
నా ఓటు మాత్రం సిస్లర్‌కే. ఆయన ఆడింది 154 ఆటలు, సగటు (హిట్లను ఎట్-బ్యాట్స్‌తో భాగిస్తే వచ్చేది) 0.407. ఇచిరోవి 161 ఆటలు, 0.372. జపాన్ లీగ్‌లో ఆటల సంఖ్య తేడా బాధ ఇచిరోకే ఎదురైంది. 1994లో 130 ఆటల్లో 210 కొట్టాడు. 2010లో మాట్ మర్టన్ 214తో, 2015లో షోగో అకియామా 216తో దాటేశారు, కానీ వాళ్లకు ఆటలు ఎక్కువ.

పాత సియాటిల్ వాసి:
ఆటల సంఖ్య విషయంలో మీరన్నది ఒప్పుకుంటాను. కానీ 2001 నుంచి 2010 వరకు వరసగా పదేళ్లు 200 దాటాడు, అది మరిచిపోకండి.

బెల్‌వ్యూ నాన్న:
అందరికీ థాంక్స్. ఎర్రర్ సంగతి చెబితే అమ్మాయి కాసేపు ఆలోచించి, 'అయితే ఆ అమ్మాయి బంతి వదిలేసిందన్నమాట, నేను కొట్టింది బాగానే ఉంది' అంది. ఇప్పుడు ఎడమవైపు నుంచి కొట్టి చూస్తానని పెరట్లో నిలబడింది. కోచ్‌ని అడగాలి.