వికర్షణ మాత్రమే ఉన్న మిశ్రమం ఎందుకు విడిపోతోంది?

ప్రశ్న (ఎమ్మెస్సీ విద్యార్థిని):
నమస్కారం. ప్రాజెక్టులో భాగంగా ఒకే పరిమాణం గల గుండ్రని బిళ్లలతో ద్విమితీయ సిమ్యులేషన్ చేస్తున్నాను. వాటిలో మూడో వంతు క్రియాశీల బిళ్లలు, అంటే తమంతట తామే ఒక దిశలో సాగిపోయేవి. ఆ దిశ యాదృచ్ఛికంగా, మెల్లగా మారుతూ ఉంటుంది. మిగిలినవి బ్రౌనియన్ చలనం (దిశాదశ లేని యాదృచ్ఛిక కదలాట) తప్ప మరేమీ లేని మామూలు బిళ్లలు. తాకినప్పుడు వికర్షణే తప్ప ఎక్కడా ఆకర్షణ లేదు. నూనె, నీరు విడిపోవడానికి అణువుల ఆకర్షణల్లోని తేడాయే కారణమని చదువుకున్నాను. ఇక్కడ అదేమీ లేకపోయినా కొంతసేపటికి మిశ్రమం గుంపులుగా విడిపోతోంది. నా ప్రోగ్రాములోనే తప్పుందా?

మొదటి జవాబు:
తప్పు ఉండనవసరం లేదండి. సమతాస్థితిలో ఉన్న ద్రవంలో ఒక మూల చిక్కదనం ఎక్కువై కణాలు అక్కడ మందకొడిగా కదిలినా, ఆ మూలన అవి పోగుపడవు. తమంతట తామే సాగే క్రియాశీల కణాల విషయం అలా కాదు: వేగం తగ్గిన చోట అవి పోగవుతాయి, పోగైన చోట ఒకదానికొకటి అడ్డుపడి వేగం ఇంకా తగ్గుతుంది. రెండు బిళ్లలు ఎదురెదురుగా తగిలి నిలిచిపోయి, వాటి దిశ మళ్లేలోగా మూడోది వచ్చి వెనుక చేరితే గుంపుకు బీజం పడినట్లే. బ్యాక్టీరియా చలనాన్ని దృష్టిలో ఉంచుకొని భౌతిక శాస్త్రవేత్తలు తాయర్, కేట్స్ 2008లో ప్రతిపాదించిన వాదం సారం ఇదే.

అయితే మీరు వాడిన ‘విడిపోవడం’ అన్న మాటలో రెండు సంగతులు కలిసిపోయాయి. దట్టమైన భాగం, పలుచని భాగం ఏర్పడటం ఒకటి. రెండు రకాల బిళ్లలు వేరుపడటం మరొకటి. పైన చెప్పిన కారణం మొదటిదానికి మాత్రమే నేరుగా వర్తిస్తుంది. మీరు చేస్తున్నటువంటి మిశ్రమాన్నే స్టెన్‌హమ్మర్ బృందం 2015లో పరిశీలించింది. కణాల్లో 15 శాతం క్రియాశీలమైనవైతే చాలు, కలగలిసి ఉన్న స్థితి నుంచి గుంపులు ఏర్పడగలవని తేలింది. ఆ గుంపుల్లో మామూలు కణాలు కూడా చిక్కుకుంటాయి. పైగా, దట్టమైన భాగం లోపల క్రియాశీల కణాల మధ్య అవి తెప్పల్లా అక్కడక్కడా ఒకచోట చేరుతాయి. కాబట్టి గుంపు కనబడగానే రకాలు వేరయ్యాయని రాసేయకండి. ప్రతి బిళ్ల పొరుగున దాని రకానివి ఎంత శాతమో లెక్కించి, దట్టమైన భాగంలో ఆ రకం వాటా ఎంతో దానితో పోల్చండి. మొత్తం పెట్టెలోని వాటాతో పోలిస్తే పొరపాటు పడతారు.

రెండో జవాబు:
మీ పెట్టెకు గోడలు ఉన్నాయా? ఉంటే ముందు అవి తీసేసి, ఒక అంచు దాటిన బిళ్ల ఎదుటి అంచు నుంచి లోపలికి వచ్చేలా మార్చి చూడండి. క్రియాశీల కణం గోడను తాకితే, దాని దిశ మారేదాకా గోడనే తోస్తూ ఉండిపోతుంది. ఫలితంగా అంచున ఒక రకం, నడుమ మరో రకం కనిపించి, వేరుపడ్డాయన్న భ్రమ కలుగుతుంది.

ప్రశ్న అడిగినవారు:
గోడలు ఉన్నాయండి! ఈ రాత్రికే తీసేసి మళ్లీ నడుపుతాను. ఇంకొక సందేహం: రెండు రకాలూ సమానంగా క్రియాశీలమైనవైతే, వేగంలో ఏ తేడా లేకపోయినా వేరుపడతాయా?

మూడో జవాబు:
పడతాయి. ముందుకు సాగే కణాల బదులు ఉన్నచోటే తిరిగే కణాలను తీసుకుని, సగం సవ్యంగా, సగం అపసవ్యంగా తిప్పండి. ఒకే వైపు తిరిగే రెండు కణాలు తాకినప్పుడు ఒకదానినొకటి వ్యతిరేక దిశల్లో నెట్టుకుంటాయి కనుక, ఆ జంట తన చుట్టూ తాను తిరుగుతూ అక్కడే ఉంటుంది. ఎదురు వైపులకు తిరిగేవి రెండూ ఒకే దిశలో నెట్టుకోవడం వల్ల ఆ జంట కదిలిపోతుంది. స్థిరంగా ఉండే పొరుగు ఒకే రకంవారిదే కావడంతో క్రమంగా సవ్యమైనవి ఒకచోట, అపసవ్యమైనవి ఒకచోట చేరతాయి. గ్లాట్జర్ బృందం 2014లో దీనిని సిమ్యులేషన్‌లో చూపింది. కంపించే పలకపై తిరిగే చిన్న రోబోలతో 2018లో ప్రయోగపూర్వకంగానూ చూశారు.

మీ బిళ్లలు నునుపైనవి కాబట్టి ఒకటి తిరిగితే పక్కదానికి తెలియనే తెలియదు. 2014 నాటి పనిలో లాగా అంచుకు గుంటలైనా పెట్టాలి, లేదా రాపిడినైనా చేర్చాలి. అది కుదిరితే రెండు ప్రాంతాల సరిహద్దులో మీ మామూలు బిళ్లలు కొన్నిటిని వేసి చూడండి, అక్కడి ప్రవాహం వాటిని మోసుకుపోతుంది.