అప్‌డేట్: తెల్లబడే క్రీమ్ మానేశాను

పెళ్లిచూపుల కోసం తెల్లబడే క్రీమ్ రాస్తే ముఖం మండుతోంది, ఏం చేయాలని మూడు నెలల క్రితం అడిగాను. డాక్టరుకు చూపించమన్న అక్కలందరికీ థ్యాంక్స్.

కర్నూలులో స్కిన్ డాక్టరమ్మ ట్యూబు చూడగానే ఇందులో బీటామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఉందన్నారు. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందట! నెలల తరబడి రాస్తే చర్మం పలచబడి సన్నటి ఎర్ర నరాలు తేలతాయి, మానేస్తే మంట ఇంకా పెరుగుతుంది. నాకూ అంతే అయింది. ఆమె చెప్పినట్టే మెల్లగా మానేశాను. మొదటి రెండు వారాలు రోజూ ఏడ్చాను.

నలుపుకు కారణమైన మెలనిన్ ఎండ నుంచి చర్మాన్ని కాపాడుతుందని కూడా చెప్పారు. మా కర్నూలు ఎండలో అది నాకెంత అవసరమో. నాది మా అవ్వ రంగు. అవ్వను ఎప్పుడూ అందగత్తె అనే అనుకున్నాను, నన్ను మాత్రం టీవీ ప్రకటనలతో పోల్చుకున్నాను.

ఈసారి సంబంధానికి ఫిల్టర్ లేని ఫోటోనే పంపించాం.