మైక్రోకెర్నెల్‌లో మెసేజ్ పాసింగ్ ఇంత నెమ్మదా, నా డిజైన్‌లోనే తప్పుందా?

ప్రశ్న
నేర్చుకోవడానికి ఒక చిన్న మైక్రోకెర్నెల్ (తప్పనిసరి పనులే కెర్నెల్‌లో ఉంచి, మిగతావి మెసేజ్‌లతో మాట్లాడుకునే విడి ప్రాసెస్‌లుగా నడిపే ఆపరేటింగ్ సిస్టమ్ పద్ధతి) రాస్తున్నానండి, ఎక్స్86 64 బిట్ మీద, ప్రస్తుతానికి ఒకే కోర్. ఫైల్ సర్వర్, డిస్క్ డ్రైవర్ రెండూ యూజర్ మోడ్‌లో వేరే ప్రాసెస్‌లు. 1 ఎంబీ ఫైల్‌ని 512 బైట్ల చొప్పున చదివితే నిమిషం దాటుతోంది, అదే కోడ్‌ని కెర్నెల్‌లో కలిపేస్తే టక్కున అయిపోతోంది. ప్రతి మెసేజ్‌నీ కెర్నెల్ బఫర్‌లోకి ఒకసారి, అక్కణ్ణుంచి రిసీవర్‌కి ఇంకోసారి కాపీ చేస్తున్నాను కదా అని వారం రోజులు ఆ కాపీలే తగ్గిస్తూ కూర్చున్నా, తేడా ఏమీ లేదు. మెసేజ్ పాసింగ్ అంటే ఇంతేనా? అన్నీ కెర్నెల్‌లోనే ఉండే మోనోలిథిక్ వైపు వెళ్ళిపోనా?

జవాబు 1
అప్పుడే వదిలేయకండి. 512 బైట్లంటే 8 కాష్ లైన్లు (ప్రాసెసర్ మెమరీని ఒక్కోసారి తెచ్చుకునే ముక్కలు), ఆ కాపీతో నిమిషం పట్టదు. లెక్క వేయండి: 2,048 రిక్వెస్టులు, ఒక్కోదానికి సర్వర్‌కి ఒకటి, డ్రైవర్‌కి ఒకటి, తిరిగి రెండు జవాబులు, మొత్తం 8,192 మెసేజ్‌లు. పంపాక సెండర్ ఏం చేస్తాడు?

ప్రశ్న అడిగినవారు
రిసీవర్‌ని రెడీ క్యూ (సీపీయూ కోసం ప్రాసెస్‌లు నిలబడే వరస) చివర పెట్టి వెనక్కి వచ్చేస్తాడు. జవాబు వచ్చిందా అని లూప్‌లో చూస్తుంటాడు. ప్రాసెస్‌లని మార్చే టైమర్ టిక్ 10 మిల్లీసెకండ్లకోసారి.

జవాబు 1
దొరికింది. సెండర్ లూప్‌లో సీపీయూని పట్టుకునే ఉంటాడు కాబట్టి ప్రతి మెసేజ్ ఒక టిక్ కోసం ఎదురుచూస్తోంది. 8,192ని 10 మిల్లీసెకండ్లతో గుణిస్తే దాదాపు 82 సెకండ్లు! సెండర్‌ని అక్కడే బ్లాక్ చేసి, రిసీవర్ ఎదురుచూస్తుంటే, తర్వాత ఎవరి వంతో తేల్చే షెడ్యూలర్‌ని అడగకుండా నేరుగా అతనికే సీపీయూ ఇచ్చేయండి. చిన్న మెసేజ్‌లని మెమరీలో కాకుండా సీపీయూ రిజిస్టర్లలోనే పంపండి. 1993లో యోఖెన్ లీట్కె అనే పరిశోధకుడు ఇలాంటి పద్ధతులతోనే 50 మెగాహెర్ట్జ్ 486 ప్రాసెసర్ మీద 8 బైట్ల మెసేజ్‌ని 5 మైక్రోసెకండ్లకి తెచ్చాడు, అదే మెషీన్ మీద మాక్ అనే పాత మైక్రోకెర్నెల్‌కి 115 పట్టేది. మైక్రోకెర్నెల్ అంటేనే నెమ్మది అనే పేరు చాలావరకు మాక్ వల్ల వచ్చిందే, ఆ పేరు మిగతావాటికి అంటగట్టడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

జవాబు 2
పైన చెప్పింది నిజమే, కానీ స్విచ్ ఊరికే రాదు. వేరే ప్రాసెస్ మెమరీకి మారడానికి సీఆర్3 రిజిస్టర్ మార్చినప్పుడల్లా గ్లోబల్ (అన్ని ప్రాసెస్‌లకీ ఉమ్మడి) పేజీలవి తప్ప టీఎల్‌బీ (అడ్రస్ అనువాదాలు దాచే కాష్) ఎంట్రీలన్నీ పోతాయి, ఏ ఎంట్రీ ఏ ప్రాసెస్‌దో గుర్తుంచే పీసీఐడీ వాడితే అది చాలావరకు తప్పుతుంది. అంతకంటే ముఖ్యం, మెసేజ్‌ల సంఖ్యే తగ్గించండి. 512 బదులు 4,096 అడిగితే 8,192 కాస్తా 1,024 అవుతుంది. డేటాని షేర్డ్ పేజీలో పెట్టి, మెసేజ్‌లో "ఫలానా చోట ఇంత ఉంది" అని మాత్రం చెప్పండి. 1997లో లీట్కె మైక్రోకెర్నెల్ ఎల్4 మీద లినక్స్‌ని నడిపి కొలిచినప్పుడు మామూలు లినక్స్‌తో పోలిస్తే 5 నుంచి 10 శాతమే వెనకబడింది.

ప్రశ్న అడిగినవారు
డైరెక్ట్ స్విచ్ పెట్టానండి, ఆ నిమిషం మాయమైంది! వారం రోజులు కాపీల మీద పోయాయి, ఒక్కసారి టిక్‌లు లెక్కపెట్టి ఉంటే సరిపోయేది. రేపు షేర్డ్ పేజీ మొదలుపెడతా. రెండో కోర్ ఆన్ చేశాక కూడా ఇదే పనిచేస్తుందా?

జవాబు 2
రిసీవర్ వేరే కోర్ మీద ఉంటే పనిచేయదు. నిద్రపోతున్న కోర్‌ని లేపడానికి ఇంటర్-ప్రాసెసర్ ఇంటరప్ట్ పంపాలి, దాని ఖర్చు వేరు. మాట్లాడుకునే ఇద్దరినీ వీలైనంతవరకు ఒకే కోర్ మీద ఉంచండి, కుదరకపోతే షేర్డ్ రింగ్ (ఇద్దరూ మెసేజ్‌లు పెట్టి తీసుకునే ఉమ్మడి గుండ్రటి బఫర్) పెట్టి, అవతలివాడు నిజంగా నిద్రపోయినప్పుడే లేపండి.