రెండు ట్యాంకుల పాత డీజిల్ ట్రక్కు: ముందు ట్యాంకును బాగుచేయాలా, తీసేయాలా?

పొలంబండి:
నా దగ్గర 1990 నాటి ఫోర్డ్ ఎఫ్-250 ఉంది. ఇంజను టర్బో లేని పాత 7.3 లీటర్ల ఐడీఐ డీజిల్ (ఇంధనాన్ని నేరుగా సిలిండరులోకి కాక పక్కనున్న చిన్న గదిలోకి చిమ్మే రకం). డల్లాస్‌కు ఉత్తరాన ఉన్న మా చిన్న పొలానికి గడ్డి చేరవేయడానికి ఆరేళ్ల క్రితం కొన్నాను. ముందు ట్యాంకు మీద నడుస్తున్నప్పుడు ముల్లు పావు గీత దగ్గరకు రాగానే ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోతుంది. డ్యాష్‌బోర్డు మీది స్విచ్చును వెనక ట్యాంకుకు మార్చి కాసేపు స్టార్టరు తిప్పితే మళ్లీ అందుకుంటుంది. వెనక ట్యాంకు చివరి దాకా బాగానే పనిచేస్తుంది. ముందు ట్యాంకునూ, రెండింటి మధ్య ఉన్న మార్పిడి వాల్వునూ తీసేసి వెనక ట్యాంకు నుంచి నేరుగా లైను వేయిద్దామని మా మెకానిక్ అంటున్నాడు. నాకు మనసొప్పడం లేదు, కానీ కాదనడానికి కారణమూ దొరకడం లేదు. మీరేమంటారు?

ట్రాక్టరుమేస్త్రి:
మీ మెకానిక్ మాటే సరైనదని నా అభిప్రాయం. మా తెనాలి వైపు ట్రాక్టరు నడిపిన వారందరికీ ఎయిర్ తీయడం, అంటే డీజిల్ లైనులో చేరిన గాలిని వదిలించడం తెలుసు, కానీ ఆ అనుభవం ఇక్కడ కొంత తప్పుదారి పట్టిస్తుంది. ట్రాక్టరులో ట్యాంకు పైన, పంపు కింద ఉంటాయి కాబట్టి లైనులో ఎక్కడ లోపమున్నా డీజిల్ బయటికి కారి మనకు కనబడుతుంది. ఈ ట్రక్కులో ట్యాంకు కింద ఉంటుంది, ఇంజనుకు బిగించిన పంపు డీజిల్‌ను పైకి పీల్చుకోవాలి, అందువల్ల కీలు వదులైతే చుక్క కూడా కారదు, గాలి మాత్రం లోపలికి పోతుంది. ఆ మార్పిడి వాల్వుకు ఆరు మూతులు ఉంటాయి: రెండు ట్యాంకుల నుంచి వచ్చేవి, తిరిగి వెళ్లేవి, ఇంజను వైపువి. ఆరింటికీ ఆరు గొట్టాలు, ఆరు క్లాంపులు. పైగా వాల్వు సగంలో ఇరుక్కుంటే ఒక ట్యాంకులో పీల్చిన డీజిల్ మిగులు రెండో ట్యాంకులోకి చేరి, అది నిండి పొర్లుతుంది. ముప్పై ఏళ్లు దాటిన బండిలో ఇన్ని కీళ్లను కాపాడుకోవడంకంటే తగ్గించుకోవడమే మేలు.

స్పానరు:
మేస్త్రి గారు గాలి గురించి చెప్పినది అక్షరాలా నిజం, కానీ అది ఈ బండి జబ్బు కాదు. కీలు వదులై గాలి పీలుస్తుంటే రాత్రంతా నిలిపిన బండి పొద్దున మొరాయించాలి, ఎత్తు ఎక్కేటప్పుడు వేగం తగ్గాలి, అరట్యాంకు ఉన్నప్పుడు కూడా ఎప్పుడో ఒకసారి దగ్గాలి. ప్రతిసారీ సరిగ్గా ఒకే గీత దగ్గర ఆగుతోందంటే, ఆ గీతకు కింద ఉన్న డీజిల్‌ను అందుకునే సాధనమే లోపల లేదని అర్థం.

ఈ ట్యాంకులలో పీల్చే ఇనుప గొట్టం అడుగు దాకా దిగదు. దాని చివర స్నానాల గది షవరు తలకాయలాంటి ప్లాస్టిక్ జల్లెడ ఒకటి ఉంటుంది, అడుగును తాకవలసింది అదే. దశాబ్దాల పాటు డీజిల్‌లో నాని అది పెళుసెక్కి ఏదో ఒక రోజు ఊడిపోతుంది. అప్పటి నుంచి డీజిల్ ఆ గీతకు తగ్గగానే ఇనుప గొట్టం మొన, మట్టానికి పైన గాలిలో వేలాడుతుంది. డీజిల్ ఉంటుంది, అందదు. దీనికి ట్యాంకును తీసేయడమంటే నూతి తాడు పొట్టిదయిందని నూతిని పూడ్చడమే.

నన్ను నమ్మనవసరం లేదు. ముందు ట్యాంకు లైనును వాల్వు దగ్గర విప్పి, అక్కడ పారదర్శకమైన గొట్టం తగిలించి, దాని చివరను శుభ్రమైన డీజిల్ క్యానులో ముంచి బండి నడిపి చూడండి. బుడగలు లేకుండా ఇంజను నిలకడగా తిరిగితే వాల్వూ, అక్కడి నుంచి పైకి ఉన్న లైనూ, పంపూ నిర్దోషులు.

ట్రాక్టరుమేస్త్రి:
అంతకుముందు ఇంకో మాట తేల్చుకోవాలి. ముల్లు పావు చూపిస్తోందంటే నిజంగా పావు ఉందని ఎవరన్నారు? ట్యాంకులో డీజిల్ మీద తేలుతూ ముల్లును కదిలించే తేలుడు బిళ్ల కూడా అంతే వయసుది. ఈసారి బండి ఆగినప్పుడు బంకులో పూర్తిగా నింపి ఎన్ని గ్యాలన్లు పట్టిందో చూడండి. ట్యాంకు సుమారు 19 గ్యాలన్లది. 18 దాకా పడితే ముల్లు అబద్ధమాడుతోంది, ట్యాంకు నిజంగానే ఖాళీ అయింది. 14 దగ్గర నిండిపోతే స్పానరు గారు గెలిచినట్లే.

పొలంబండి:
నిన్న ఆగినప్పుడు నింపాను. 14.2 గ్యాలన్లు పట్టింది. క్యాను పరీక్షలో పది నిమిషాలు నడిపినా ఒక్క బుడగ కనబడలేదు. అయితే గొట్టాన్ని ఎలా పొడిగించాలి? కొందరు రబ్బరు గొట్టం ముక్క తొడిగితే చాలంటున్నారు, కొందరు పీల్చే గొట్టం, తేలుడు బిళ్ల కలిసి ఉండే యూనిట్ మొత్తం కొత్తది కొనమంటున్నారు.

లెక్కలమాస్టారు:
ఇక్కడ చాలామంది తప్పటడుగు వేస్తారు. వారిలో నేనూ ఒకడిని. దుకాణంలో దొరికిన మామూలు ఇంధన గొట్టాన్ని కోసి తొడిగి, సమస్య తీరిందనుకున్నాను. అలాంటి గొట్టం లోపలి వైపు డీజిల్‌ను తట్టుకునేలా తయారవుతుంది కానీ బయటి పొర డీజిల్‌లో మునిగి ఉండడానికి కాదు. రెండు వేసవులు గడిచేసరికి అది ఉబ్బి, మెత్తబడి, నల్లని పొరలుగా ఊడి ఫిల్టరులో చేరింది. ట్యాంకు లోపల వాడవలసినది జే30ఆర్10 అనే ముద్ర ఉన్నది, అంటే ఇంధనంలో మునిగి ఉండేందుకే తయారైనది. ఒక్క అడుగు పొడవు ముక్కకే మామూలు గొట్టంకంటే ఎన్నో రెట్లు ధర చెబుతారు. మీకు కావలసినది జానెడే.

నేనైతే యూనిట్ మొత్తం మార్చమంటాను. ముల్లు, జల్లెడ, మూత వాషరు అన్నీ ఒకేసారి కొత్తవవుతాయి.

స్పానరు:
మునిగే రకం గొట్టం గురించి మాస్టారితో ఏకీభవిస్తాను, కొత్త యూనిట్ గురించి ఏకీభవించను. కొత్తదానికీ చివర అదే ప్లాస్టిక్ జల్లెడ ఉంటుంది, అది మళ్లీ ఊడదన్న హామీ ఏదీ లేదు. గొట్టం ముక్క చివరను ఏటవాలుగా కోసి, అంచున రెండు మూడు గాట్లు పెట్టండి. తిన్నగా కోస్తే అది అడుగుకు అతుక్కుని తన నోరు తానే మూసుకుంటుంది. జల్లెడ లేకపోతే చెత్త పైకి వస్తుందన్న భయం నిజమే, అందుకే వాల్వుకూ పంపుకూ మధ్య పారదర్శకమైన చిన్న ఫిల్టరు ఒకటి పెడితే లోపల ఏం పోతోందో కంటికే కనబడుతుంది.

ట్యాంకు మూతను అందుకోవడానికి ట్రక్కు వెనక సామాను తొట్టిని (బెడ్డును) ఎత్తాలా, ట్యాంకు దించాలా అన్న వివాదంలోకి నేను దిగను. నలుగురు మనుషులుంటే ఎత్తండి.

పొలంబండి:
నేను ఒక్కడినే కాబట్టి, మళ్లీ ఆగేదాకా ముందు ట్యాంకు మీద నడిపి, ట్యాంకునే దించాను. లోపల మిగిలినది దాదాపు 5 గ్యాలన్లు, గ్యాలనుకు సుమారు 7 పౌండ్ల చొప్పున 35 పౌండ్లే. నింపే గొట్టం క్లాంపులు ముందే వదులు చేసి, ట్యాంకు కింద చెక్క, దాని కింద జాకీ పెట్టి, పట్టీల బోల్టులు విప్పితే మెల్లగా దిగింది. మూత రింగును ఇత్తడి ముక్కతో తట్టి తిప్పాను. ఇనుప గొట్టం మొన నున్నగా బోడిగా ఉంది, జల్లెడ ఆనవాలే లేదు. ట్యాంకు అడుగున ఉన్నదంతా తెల్లగుడ్డ మీద వంపితే డికాషన్ రంగు ప్లాస్టిక్ ముక్కలు ఐదు దొరికాయి. మాస్టారు చెప్పిన గొట్టమే తెచ్చి, స్పానరు గారు చెప్పినట్లు ఏటవాలుగా కోసి తొడిగాను. ముల్లు పావు గీత దాటి కిందికి దిగినా బండి ఆగలేదు.

స్పానరు:
ఆ ఐదు ముక్కలను బల్ల మీద పేర్చి చూడండి. గుండ్రం పూర్తవుతోందా?

పొలంబండి:
పేర్చాను. ఒక పక్క బొటనవేలి గోరంత ఖాళీ మిగిలింది.

ట్రాక్టరుమేస్త్రి:
అయితే ఆ ముక్క ఇప్పుడు నేను తీసేయమన్న వాల్వులో ఉంటుంది. ముందు ట్యాంకు వైపు మూతి విప్పి, వెలుతురుకు పెట్టి చూడండి.